పావలా, అర్ధరూపాయి, రూపాయి: తాతయ్య చెప్పిన పాళ్ళ లెక్కలు

నాకు నిష్పత్తులు నేర్పింది పర్లాకిమిడిలో మా తాతయ్య కిరాణా కొట్టు గల్లాపెట్టె. 1979, 80 ప్రాంతం మాట. నేను చదివింది ఒడియా మీడియం బళ్ళో. మాష్టారు బోర్డు మీద రెండంకెలు వేసి, మధ్యలో రెండు చుక్కలు పెట్టి ‘అనుపాత’ అని చెప్పేవారు. ఇంటికొచ్చి నోట్సు చూపిస్తే తాతయ్య ఆ చుక్కల వంక చూసి, "పాళ్ళ లెక్కే కదే అమ్మలూ. దీనికి పుస్తకం ఎందుకు, చిల్లర పట్టుకురా" అన్నాడు. అలా మొదలైంది. ఆ తరవాత చాలా ఏళ్ళు చదువుకున్నాను, లెక్కలు చెప్పే ఉద్యోగమే చేశాను. కానీ నిష్పత్తి అనగానే ఇప్పటికీ నా కళ్ళముందు కనిపించేవి అంకెలు కావు, కొట్టు గచ్చు మీద పరిచిన బిళ్ళలే.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లాకి ముఖ్యపట్నం. మా చిన్నతనంలో గంజాం జిల్లాయే, 1992లో విడదీశారు. మహేంద్రతనయ దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మేమూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవాళ్ళం. అందుకే మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో ఒడియా, కొట్టులో రెండూ. సంతరోజున సవర భాష కూడా. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు మా ఊరి మీదుగానే పోయేది. దాని మొదటి ముక్క, నౌపడ నుంచి మా ఊరిదాకా, 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించింది. తాతయ్య కొట్టుకి ఉప్పు బస్తాలు ఆ రైల్లోనే వచ్చేవి.

గల్లాపెట్టె టేకుది. లోపల అరలు, ఒక్కో అరలో ఒక్కో రకం చిల్లర. ఇప్పటి పిల్లలకి ఆ బిళ్ళలు ఎలా ఉండేవో చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి. పైసా బిళ్ళ చిన్న నలుపలకలు. రెండు పైసలది అంచంతా వంకీలు. మూడు పైసలది ఆరుపలకలు. అయిదు పైసలది మళ్ళీ నలుపలకలే, పైసా కన్నా పెద్దది. పది పైసలది పెద్ద వంకీల బిళ్ళ. ఇవన్నీ అల్యూమినియం, అరచేతిలో ఉన్నట్టే అనిపించవు. తామరపువ్వు ఉన్న ఇరవై పైసల బిళ్ళ ఒక్కటే పసుపు పచ్చగా మెరిసేది. ఇక పావలా, అర్ధరూపాయి, రూపాయి గుండ్రంగా, బరువుగా, గచ్చు మీద పడితే ఖంగుమనేవి. చీకట్లో కూడా వేలితో తడిమి ఏ బిళ్ళో చెప్పగలిగేవాళ్ళం. లెక్కలు నేర్పడానికి ఇంతకన్నా మంచి సామాను నేను ఏ బళ్ళోనూ చూడలేదు.

మొదటి పాఠం చింతపండుది. శివరాత్రి వెళ్ళాక గుమ్మ వైపు కొండల మీదనుంచి సవరలు చింతపండూ పసుపూ కొండచీపుళ్ళూ సంతకి దించేవారు. తాతయ్య ఆ సీజనులో చింతపండు కొని బయటి ఊళ్ళకి పంపేవాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పాతపట్నం నుంచి మామయ్య వరసాయన ఒకరు కలిసేవారు. ఆ ఏడు తాతయ్య రెండువందలు పెట్టాడు, మామయ్య మూడువందలు పెట్టాడు. లాభం ఎలా పంచుకోవాలి?

తాతయ్య పది పైసల బిళ్ళలు ఒక గుప్పెడు నా ముందు పోశాడు. లెక్కపెట్టమన్నాడు. ఇరవై అయిదు. "ఇటు నాకు రెండు వెయ్యి, అటు మీ మామయ్యకి మూడు వెయ్యి. అది ఒక ఇడత. అయిపోయేదాకా అలాగే వేస్తూ పో."

వేశాను. ఇటు రెండు, అటు మూడు. అయిదు విడతలకి కుప్ప ఖాళీ అయింది. ఇటు పది, అటు పదిహేను.

"ఒక ఇడతకి ఎన్ని బిళ్ళలు పోయాయి?"

"అయిదు."

"లాభం డెబ్బై అయిదు రూపాయలు వచ్చిందనుకో. ఎన్ని ఇడతలు?"

పదిహేను. పదిహేను రెళ్ళు ముప్పై తాతయ్యకి, పదిహేను మూళ్ళు నలభై అయిదు మామయ్యకి. బిళ్ళలు ముట్టుకోకుండానే చెప్పేశాను. మర్నాడు బళ్ళో మాష్టారు ‘ముందు నిష్పత్తిలోని అంకెలు కూడండి, ఆ మొత్తంతో భాగించండి’ అన్నప్పుడు, ఎందుకు కూడాలో ఆ క్లాసులో నాకు తెలుసు. అయిదు అన్నది ఒక విడతకి పోయే బిళ్ళలు. అంతే. చాలామంది పిల్లలు ఆ మెట్టు బట్టీ పట్టేస్తారు. రెండూ మూడూ ఎందుకు కలిపారు అని అడిగితే తెల్లమొహం వేస్తారు. నేను టీచరునయ్యాక ఏటా చూశాను అది.

తాతయ్య అక్కడితో వదల్లేదు. ఇంకో రెండు బిళ్ళలు కుప్పలో వేసి మళ్ళీ పంచమన్నాడు. ఈసారి అయిదు విడతలయ్యాక రెండు బిళ్ళలు మిగిలాయి. ఇంకో విడతకి చాలవు. "మిగిలితే పారేస్తామా? చిల్లర చెయ్యి" అన్నాడు. రెండు పది పైసల బిళ్ళలు, అంటే ఇరవై పైసలు. దాన్ని అయిదు పాళ్ళు చేస్తే పాలుకి నాలుగు పైసలు. ఇటు రెండు పాళ్ళు ఎనిమిది పైసలు, అటు మూడు పాళ్ళు పన్నెండు పైసలు. రెండు పైసల బిళ్ళలతో సరిపెట్టాం. మొత్తం రెండు రూపాయల డెబ్బై పైసల్లో తాతయ్యకి ఒకటీ సున్నా ఎనిమిది, మామయ్యకి ఒకటీ అరవై రెండు. దశాంశాలు బళ్ళో ఇంకా సరిగా రాకముందే నా చేతిలో అవి బిళ్ళలుగా తిరిగాయి.

ఇటు నాలుగు, అటు ఆరు చొప్పున వేస్తే ఏమవుతుందని ఒకసారి నేనే అడిగాను. "వేసి చూడు" అన్నాడు. విడతలు తగ్గాయి, వాటాలు మాత్రం మారలేదు. రెండువందలు, మూడువందలు అన్న పెద్ద అంకెలు రెండూ మూడూగా ఎందుకు మారిపోయాయో అప్పుడు పూర్తిగా అర్థమైంది. సున్నాలు కొట్టేయడం అన్నది రాతలో పని. చేతిలో చూస్తే అది విడతని చిన్నది చేసుకోవడమే.

ఇక అసలు మజా రకరకాల బిళ్ళలు కలిసినప్పుడు. పుస్తకంలో అందరినీ ఏడిపించే లెక్క ఒకటుంటుంది. సంచిలో రూపాయిలు, అర్ధరూపాయిలు, పావలాలు ఫలానా నిష్పత్తిలో ఉన్నాయి, మొత్తం విలువ ఇంత, ఏవి ఎన్ని? మా పుస్తకంలో ఉన్న అంకెలు గుర్తులేవు గానీ, తాతయ్య నాకు వేసిన లెక్క గుర్తుంది. రూపాయిలు రెండైతే అర్ధలు మూడు, పావలాలు నాలుగు. సంచిలో మొత్తం తొంభై రూపాయలు.

పిల్లలు చేసే పని ఏమిటంటే, రెండూ మూడూ నాలుగూ కూడి తొమ్మిది, తొంభైని తొమ్మిదితో భాగిస్తే పది, అంటే ఇరవై రూపాయిలు, ముప్పై అర్ధలు, నలభై పావలాలు అని రాసేస్తారు. చింతపండు లెక్క అలాగే కదా చేశాం అంటారు. కాదు. అక్కడ ఉన్న బిళ్ళలన్నీ ఒకే రకం. ఇక్కడ తొంభై అన్నది బిళ్ళల లెక్క కాదు, డబ్బు లెక్క.

తాతయ్య గల్లాపెట్టెలోంచి ఒక్క విడత తీసి గచ్చు మీద పెట్టాడు. రెండు రూపాయిలు ఒక వరస. వాటి కింద మూడు అర్ధలు. వాటి కింద నాలుగు పావలాలు. "బిళ్ళలు తొమ్మిదే. డబ్బెంత?" రెండు రూపాయలు, రూపాయిన్నర, రూపాయి. నాలుగున్నర. "తొంభై రూపాయల్లో నాలుగున్నరలు ఎన్ని?" ఇరవై. అయితే నలభై రూపాయిలు, అరవై అర్ధలు, ఎనభై పావలాలు. సరిచూసుకుంటే నలభై, ముప్పై, ఇరవై. తొంభై వచ్చింది.

ఆ మూడు వరసలు చాలాసేపు తియ్యకుండా అలాగే ఉంచాడు. "సూడే. బిళ్ళలు సూస్తే కిందకి పెరుగుతున్నాయి. డబ్బు సూస్తే కిందకి తగ్గుతోంది" అన్నాడు. నిజమే. బిళ్ళల్లో రెండు, మూడు, నాలుగు. డబ్బులో నాలుగు, మూడు, రెండు. అదే గచ్చు, అవే బిళ్ళలు, నిష్పత్తి పూర్తిగా తిరగబడింది. ఇది చూసి నేను గంతులేశాను. అంకెల్లో ఇంత అందం ఉంటుందని నాకు తెలిసింది ఆ సాయంత్రమే.

దానికి జోడీగా ఇంకోటి పెట్టాడు. మూడు రకాలవీ డబ్బు సమానంగా ఉండాలంటే బిళ్ళలు ఎన్నెన్ని? ఒక రూపాయి, రెండు అర్ధలు, నాలుగు పావలాలు. చిన్న బిళ్ళైతే ఎక్కువ కావాలి, పెద్దదైతే తక్కువ చాలు. విలువలు నాలుగు, రెండు, ఒకటి చొప్పున ఉంటే సంఖ్యలు ఒకటి, రెండు, నాలుగు. విలోమానుపాతం అని పై క్లాసులో చెప్పారు. అప్పటికి నాకు అది పాత చుట్టం.

కొట్టులో ఏలకులు, లవంగాలు తూచే చిన్న త్రాసు ఉండేది. ఒక రోజు తాతయ్య దాన్ని కిందకి దించి ఒక పళ్ళెంలో అర్ధరూపాయి వేశాడు. రెండో దాంట్లో పావలాలు వెయ్యమన్నాడు. ఒకటి వేస్తే లేవలేదు. రెండోది వేసేసరికి ముల్లు నిటారుగా నిలబడింది. తరవాత రూపాయి తీశాడు, ఏరి మరీ తీశాడు. అవతల నాలుగు పావలాలు. మళ్ళీ సరిగ్గా తూగింది.

ఇది వట్టి యాదృచ్ఛికం కాదు. పావలా రెండున్నర గ్రాములు, అర్ధరూపాయి అయిదు గ్రాములు, 1962 నుంచి వచ్చిన నికెల్ రూపాయి పది గ్రాములు. విలువలు ఏ పాళ్ళలో ఉన్నాయో బరువులూ అవే పాళ్ళలో ఉండేవి. తాతయ్య రూపాయిని ఏరి తియ్యడానికి కారణం ఉంది. 1975 నుంచి వేసిన రూపాయిలు ఎనిమిది గ్రాములే. వాటిలో ఒకటి వేస్తే నాలుగు పావలాల పళ్ళెం కిందకి దిగిపోతుంది. ఆ తరవాత 1983లో ఆరు గ్రాములకి తగ్గించారు, బిళ్ళ కూడా చిన్నదైంది. అలా రూపాయి ఒక్కో మెట్టూ దిగుతూ ఉంటే అర్ధా పావలా మాత్రం 1988లో స్టీలు బిళ్ళలు వచ్చేదాకా తమ బరువు నిలబెట్టుకున్నాయి.

ఈ పాళ్ళు పాతకాలం నుంచి వస్తున్నవే. తాతయ్య దగ్గర అయిదో జార్జి తల ఉన్న వెండి రూపాయి ఒకటి ఉండేది. దాని బరువు ఒక తులం, అంటే 180 గ్రెయిన్లు, మన లెక్కలో పదకొండు గ్రాముల అరవై ఆరు సెంటీగ్రాములు. దాని అర్ధ 90 గ్రెయిన్లు, పావలా 45. వెండి బిళ్ళకి విలువ దాని వెండిలోనే ఉంది కనక, సగం విలువకి సగం బరువు ఉండి తీరాలి. ఆ వెండి కూడా పాళ్ళ లెక్కే. పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు వేరే లోహం. 180 గ్రెయిన్లలో 165 వెండి. 1940 వచ్చేసరికి యుద్ధం రోజుల్లో అది సగానికి సగం అయింది. "అప్పటి రూపాయి మోగే మోత వేరు" అనేవాడు తాతయ్య, బొటనవేలి గోటి మీద ఎగరేసి వినిపించేవాడు. ఆయన మాట నిజమని నా చెవులకి తెలుసు.

అల్యూమినియం చిల్లరతో ఇదే ఆట ఆడబోతే కుదరదు. పైసా బిళ్ళ ముప్పావు గ్రాము, రెండు పైసలది ఒక గ్రాము, అయిదు పైసలది గ్రామున్నర. అయిదు పైసా బిళ్ళలు ఒక పక్క, అయిదు పైసల బిళ్ళ ఒకటి ఇంకో పక్క వేస్తే పైసాల పళ్ళెం దభీమని కిందకి పడుతుంది. రెండు పైసా బిళ్ళలు వేస్తే చాలు, అయిదు పైసలకి సరిపోతాయి. తాతయ్య నా చేత ఇది కూడా తూయించాడు. అన్నీ అనుపాతంలో ఉండవు, ఉన్నాయో లేదో తూచి చూసుకోవాలి అని ఆయన ఉద్దేశం. పెద్దయ్యాక చూస్తే ఎంత ముఖ్యమైన పాఠమో కదా ఇది. ఎన్ని పుస్తకాల్లో, ‘ఇది పెరిగితే అదీ పెరుగుతుంది కాబట్టి అనులోమం’ అని రాసేస్తారో. విలువ పెరిగితే ఈ బిళ్ళల బరువూ పెరిగింది. కానీ అనుపాతంలో పెరగలేదు.

తాతయ్యకి పైసల లెక్క మీద ఒక్క విషయంలో మాత్రం కష్టంగా ఉండేది. మూడు పాళ్ళు. అణాల రోజుల్లో రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు, వెరసి రూపాయికి 192 పైలు. రూపాయిని ముగ్గురికి పంచాలంటే మనిషికి 64 పైలు, అంటే అయిదు అణాల నాలుగు పైలు. చిన్నమెత్తు మిగలదు. ఒకటికి రెండు పాళ్ళ చొప్పున ఇద్దరికి పంచినా అయిదణాల నాలుగు పైలు ఒకరికి, పదణాల ఎనిమిది పైలు ఇంకొకరికి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. నూరుని మూడుతో భాగిస్తే ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు, ఒక పైసా దిక్కులేకుండా మిగిలిపోతుంది. అయిదు పాళ్ళకి నూరు బాగుంటుంది, 192 బాగుండదు. మూడుకి 192 బాగుంటుంది. ఈ సంగతి ఆయన నాకు కాగితం మీద కాదు, 1957లో కొట్టులో జరిగింది చెబుతూ చెప్పాడు. అణాకి నిజానికి ఆరుంపావు నయాపైసలు. కానీ పావు నయాపైసకి బిళ్ళ లేదు. అందుకని ప్రభుత్వం పట్టిక వేసింది. ఒక అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, నాలుగణాలకి 25. అణా సరుకు నాలుగుసార్లు విడిగా కొంటే ఇరవై నాలుగు, ఒకేసారి కొంటే ఇరవై అయిదు. సంతకొచ్చినవాళ్ళకి ఇది నచ్చచెప్పలేక ఆ ఏడాదంతా కొట్టుకొట్టునా వాదనలేనట.

సవరలకి మాత్రం పన్నెండు కొత్త కాదు. వాళ్ళ భాషలో అంకెలు పన్నెండు దాకా వెళ్ళి, పదమూడుని పన్నెండూ ఒకటి అంటారు, పద్నాలుగుని పన్నెండూ రెండు అంటారు. పందొమ్మిది పన్నెండూ ఏడు. ఆ తరవాత ఇరవై వస్తుంది, అక్కణ్ణుంచి ఇరవైల లెక్క. మా ఊళ్ళో ఉండి ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టిన మహానుభావుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లోనే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. తాతయ్యకి సవర అంకెలు చిన్నప్పటినుంచీ సంతలోనే వచ్చు. వాళ్ళతో బేరమప్పుడు అణాకి పన్నెండు పైలు ఎంత తేలిగ్గా కలిసేవో, పన్నెండు కాయల కట్ట ధర నుంచి నాలుగు కాయల ధర ఎంత చటుక్కున తేలేదో చెప్పేవాడు. పన్నెండుకి రెండూ మూడూ నాలుగూ ఆరూ అన్నీ పోతాయి మరి.

వంటింట్లో మామ్మది ఇంకో బడి. సోల, తవ్వ, మానిక అని గింజలు కొలిచే పాత్రలు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పావలా, అర్ధ, రూపాయి వరస అచ్చంగా ఇదే. అట్లకి సోల మినప్పప్పు పోస్తే మూడు సోలల బియ్యం.

టీపొడి లెక్క మాత్రం చెప్పి తీరాలి. కొట్టులో విడి టీపొడి అమ్మేవాళ్ళం. రెండు రకాలు తెచ్చి కలిపి, కలిపిన పొడి అని చెప్పే అమ్మేవాడు తాతయ్య. ఒక రకం కిలో పదహారు రూపాయలు, రంగు దిగుతుంది. ఇంకోటి ఇరవై నాలుగు, వాసన బాగుంటుంది. కలిపింది కొన్న ధరకి పద్దెనిమిది పడాలి. ఎన్నెన్ని పాళ్ళు?

ఇక్కడ కూడా బిళ్ళలే. పదహారుది ఒక కిలో కలిపితే దాని మీద రెండు రూపాయలు మిగులు, ఎందుకంటే పద్దెనిమిది లెక్కన పోతోంది. ఇరవై నాలుగుది ఒక కిలో కలిపితే ఆరు రూపాయలు తరుగు. తాతయ్య ఖరీదైన పొడి పొట్లం పక్కన ఆరు బిళ్ళలు పెట్టి, "ఇది బాకీ. దీన్ని చవక పొడి తీర్చాలి" అన్నాడు. చవక పొడి ఒక్కో పొట్లం రెండేసి బిళ్ళలు తెస్తుంది. మూడు పొట్లాలు పెట్టేసరికి బాకీ తీరింది. మూడు పాళ్ళు చవకది, ఒక పాలు ఖరీదుది. నలభై ఎనిమిదీ ఇరవై నాలుగూ డెబ్బై రెండు, నాలుగు కిలోలకి పంచితే పద్దెనిమిది. ఈ లెక్కకి పోటీ పరీక్షల పుస్తకాల్లో అడ్డగీతలు గీసి ఒక బొమ్మ వేస్తారు. ఆ బొమ్మ గుర్తుంటుంది, కారణం గుర్తుండదు. బాకీ తీర్చడం గుర్తున్నవాళ్ళకి బొమ్మ అక్కర్లేదు.

అన్నిట్లోకీ కష్టమైంది మూడో భాగస్తుడు వచ్చిన ఏడు. గుమ్మ దారిలో ఉండే ఒక ఒడియా వ్యాపారి, తాతయ్య ఆయన్ని భాయ్ అని పిలిచేవాడు, చింతపండులో కలిశారు. తాతయ్యకీ మామయ్యకీ రెండుకి మూడు. మామయ్య భాయ్‌తో విడిగా మాట్లాడుకున్నారు, తనకి నాలుగైతే ఆయనకి అయిదు అని. సీజను చివర లాభం ఏడువందలు తేలింది. ముగ్గురూ మా వాకిట్లో కూర్చున్నారు. ఎవరికి ఎంతో తేలడం లేదు, గొంతులు పెరుగుతున్నాయి. తాతయ్య నన్ను పిలిచాడు, నేను చెప్పగలనని కాదు, చిల్లర తెమ్మని.

గచ్చు మీద రెండు వరసలు పేర్చాడు. పై వరసలో తనవి రెండు, మామయ్యవి మూడు. కింది వరసలో మామయ్యవి నాలుగు, భాయ్‌వి అయిదు. "మామయ్య ఒక్కడే కదా. పైన మూడూ కిందన నాలుగూ ఎలా అవుతాడు?" అన్నాడు. మామయ్య నవ్వారు. ముందు మామయ్య బిళ్ళలు రెండు వరసల్లోనూ సమానం చెయ్యాలి. మూడుకీ నాలుగుకీ కుదిరేది పన్నెండు. పై వరస నాలుగు విడతలు వేస్తే తాతయ్యకి ఎనిమిది, మామయ్యకి పన్నెండు. కింది వరస మూడు విడతలు వేస్తే మామయ్యకి పన్నెండు, భాయ్‌కి పదిహేను. ఇప్పుడు మామయ్య ఒక్కడే అయ్యాడు. ఎనిమిది, పన్నెండు, పదిహేను. విడతకి ముప్పై అయిదు. ఏడువందల్లో ఇరవై విడతలు. నూట అరవై, రెండువందల నలభై, మూడువందలు.

భాయ్‌కి తెలుగు అంతంతమాత్రమే. ఆయనకి ఎవరూ ఏమీ వివరించి చెప్పలేదు. బిళ్ళలు జరుపుతుంటే చూస్తూ, మామయ్య పన్నెండూ పన్నెండూ ఎదురెదురుగా వచ్చేసరికి తల ఊపేశారు. ఎవరి మొహంలోనూ అనుమానం మిగల్లేదు. నాకు తాతయ్య మీద ఉన్న గౌరవం ఆ రోజు ఎంత పెరిగిందో చెప్పలేను. డబ్బు దగ్గర ముగ్గురు మనుషులు మంచిగా లేచి వెళ్ళగలిగేలా చెయ్యడం చిన్న విద్య కాదు.

తాతయ్య పోయాక కొట్టు కొన్నాళ్ళు నడిచింది. చిన్న రైలు 2004లో ఆగిపోయి, తరవాత పెద్ద లైను అయి వచ్చింది. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న బిళ్ళలన్నీ చెలామణిలోంచి తీసేశారు. అర్ధరూపాయికి చట్టం ప్రకారం ఇప్పటికీ విలువ ఉంది, తీసుకునేవాళ్ళే లేరు. పుస్తకాల్లో మాత్రం సంచిలో పావలాల లెక్క ఇంకా ఉంది. పావలా ఎన్నడూ ముట్టుకోని పిల్లలు ఆ లెక్క చేస్తున్నారు. పాపం వాళ్ళకి అది ఎంత కష్టమో! పాతిక పైసలంటే వాళ్ళకి 0.25 అన్న అంకె. అందుకే ఆ లెక్కలు ఇప్పటి బిళ్ళలతో మార్చి రాయాలని నాకు గట్టిగా ఉంది. లెక్క అదే, బిళ్ళ మాత్రం పిల్ల చేతిలో ఉండాలి.

మొన్న దసరాకి పర్లాకిమిడి వెళ్ళినప్పుడు మా అన్నయ్య మనవరాలితో అదే చేశాను. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. దేవుడి హుండీ విప్పి పది రూపాయలవి, అయిదువి, రెండువి పోశాను. మూడు రకాలవీ డబ్బు సమానంగా ఉండాలి, మొత్తం 240 రూపాయలు కావాలి, ఏవి ఎన్ని తియ్యాలో చెప్పమన్నాను. కాసేపు బిళ్ళలు అటూ ఇటూ జరిపింది. ఒక పది, దాని కింద రెండు అయిదులు, దాని కింద అయిదు రెండ్లు. "ఒక్కో వరస పది రూపాయలు మామ్మా. విడతకి ముప్పై. అంటే ఎనిమిది విడతలు" అంది. ఎనిమిది పదులు, పదహారు అయిదులు, నలభై రెండ్లు. ‘విడత’ అన్న మాట నేను చెప్పిందే, కానీ ముప్పై ఎక్కణ్ణుంచి వచ్చిందో తనే చూసుకుంది.

అంతలో హుండీలోంచి పన్నెండు పలకల ఇరవై రూపాయల బిళ్ళ ఒకటి దొర్లింది. "ఇది కూడా కలిపితే?" అని తనే అడిగింది. వరసకి పది రూపాయలు చాలవు, ఇరవై చెయ్యాలి కదా అని పై బిళ్ళలన్నీ రెట్టింపు చేసింది. ఒక ఇరవై, రెండు పదులు, నాలుగు అయిదులు, పది రెండ్లు. విడతకి ఎనభై. అదే 240కి మూడు విడతలు. మూడు ఇరవైలు, ఆరు పదులు, పన్నెండు అయిదులు, ముప్పై రెండ్లు. హుండీలో ఇరవై రూపాయల బిళ్ళలు మూడు లేవు, రెండే ఉన్నాయి. మూడోదానికోసం వాళ్ళ నాన్న జేబు వెతకడానికి పరిగెత్తింది.